వంగపండు పిట్ట పెరటికి రావాలంటే

వంగపండు గోరింకంత పిట్ట. ముక్కు కొస నుంచి తోక చివర దాకా కొలిస్తే దాదాపు 25 సెంటీమీటర్లు ఉంటుంది. మగదాని ఒళ్లంతా నిండు పసుపు. రెక్కలు నలుపు, తోక నడిమి ఈకలు నలుపు, ముక్కు గులాబీ ఎరుపు, కన్ను కెంపు. ముక్కు మొదట్లో మొదలైన నల్లటి చార కంటిని దాటి వెనక్కి సాగుతుంది. కాటుక పెట్టి తోక తీర్చినట్టు ఉంటుంది. ఆడదానికి ఇంత మెరుపు లేదు. దాని వీపు ఆకుపచ్చ కలిసిన పసుపు, పొట్ట మీద సన్నటి నల్ల గీతలు. పిల్లలదీ ఇదే రంగు. మగపిల్లకు నిండు పసుపు దిగడానికి రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి, ఒకే చెట్టు మీద నాలుగు గీతల పిట్టలు కనిపిస్తే నాలుగూ ఆడవే అనుకోనక్కర్లేదు.

వంగతోటలో కోయకుండా వదిలేసిన కాయ ముదిరి పండితే పసుపుకు తిరుగుతుంది. ఆ రంగు చూసినవారికి ఈ పిట్ట పేరు వింతగా తోచదు. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్, 1862-64 మధ్య అచ్చయిన తన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ గ్రంథంలో తెలుగువారు పిలిచే ఈ పేరును రాసిపెట్టాడు. కడప సీమకు జెర్డన్ కొత్తవాడేం కాదు. అక్కడి కలివికోడి అనే పక్షిని శాస్త్రలోకానికి ఎరుకపరిచింది ఆయనే. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె అడవిలో మళ్లీ కనబడింది. వంగపండుకు అంతటి గండం లేదు. చెట్టూ చేమా ఉన్న ఊళ్లన్నిటా తిరుగుతుంది. అయినా దాన్ని తేరిపార చూసినవారు తక్కువ. చెట్టు పైకొమ్మల్లోనే తెల్లవారి, అక్కడే పొద్దుగూకే పిట్ట అది. నేల మీద అడుగు పెట్టడం అరుదు.

శాస్త్రజ్ఞులు దీన్ని ఓరియోలస్ కుందూ అంటారు. ఆ పేరు పెట్టింది విలియం సైక్స్, 1832లో. చాలాకాలం దీన్ని యూరప్‌లో ఉండే బంగారు ఓరియోల్‌లో ఒక ఉపజాతిగానే లెక్కవేశారు. కంటి చార, రెక్కల మీది రంగుల తీరు, ఇంకా కొన్ని తేడాలు లెక్కలోకి తీసుకుని ఈ శతాబ్దంలో వేరే జాతిగా గుర్తించారు. యూరప్ పిట్టకు నల్లచార కంటి దగ్గరే ఆగిపోతుంది. మన పిట్టకు కాటుక తోక ఉంటుంది. దూరం నుంచి చూసినా ఈ ఒక్క గుర్తు చాలు.

దీనికి దగ్గరి చుట్టం కొండ వంగపండు. ఈ పేరు కూడా జెర్డన్ పుస్తకంలో ఉంది. దీనికి తల, మెడ, గొంతు అంతా నలుపు, నల్లటి ముసుగు వేసుకున్నట్టు. వంగపండు తోటల్లో, ఊరి చెట్ల మీద, పలచటి అడవిలో తిరిగితే, కొండ వంగపండుకు దట్టమైన చెట్లు కావాలి. శేషాచలం, పాలకొండల వాలుల్లో, కొండవాగుల వెంబడి ఉండే పెద్ద చెట్ల మీద దాన్ని వెతకాలి. అది వలస పోదు; ఏడాది పొడుగునా ఒకేచోట ఉంటుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎండాకాలం మొదట్లో పెరట్లో నారింజకాయను రెండు చెక్కలుగా కోసి మేకుకు గుచ్చి పెడితే, నారింజ రంగు పిట్టలు వచ్చి వాలుతాయి. ద్రాక్షపండ్ల జెల్లీ గిన్నెలో పెట్టినా, చక్కెర నీళ్ల సీసా వేలాడదీసినా వస్తాయి. వాటినీ ఓరియోల్ అనే అంటారు: తూర్పున బాల్టిమోర్ ఓరియోల్, పడమట బుల్లక్ ఓరియోల్, కాలిఫోర్నియా వైపు హుడెడ్ ఓరియోల్. పేరు ఒకటే గానీ కులం వేరు. అమెరికా పిట్టలు ఇక్టరిడే కుటుంబానివి, మనవి ఓరియోలిడే కుటుంబానివి. లాటిన్‌లో బంగారు రంగుకు ఉన్న మాటే ఓరియోల్ అయింది. యూరప్ నుంచి వలస వెళ్లినవారు అక్కడి పసుపు నలుపు పిట్టను చూసి తమ ఊరి పిట్ట పేరు పెట్టేశారు. రెండు వంశాలూ వేర్వేరు ఖండాల్లో పెరిగి ఒకే రకం రంగుకు, పండూ పురుగూ తినే ఒకే తీరు బతుకుకు చేరాయి.

పేరు ఒకటే కావడంతో పద్ధతీ ఒకటే అనుకుంటే మన పెరట్లో నారింజ చెక్కలు ఎండిపోవడమే మిగులుతుంది. వంగపండు పళ్లెం దగ్గరికి వచ్చే పిట్ట కాదు. అది చెట్టు దగ్గరికి వస్తుంది. చెట్టు మీద పండు, ఆకు చాటున పురుగు, కొమ్మ కింద నీళ్లు ఉంటే పిలవకుండానే వస్తుంది.

చెట్టు మీద ఉన్నా ముందు వినపడేది గొంతే. ‘పీ-లో-లో’ అని పిల్లనగ్రోవి ఊదినట్టు మూడు స్వరాలు, కాస్త ఆగి మళ్లీ అవే. కోపమొస్తే మాత్రం గొంతు మారుతుంది. పిల్లి గీపెట్టినట్టు బొంగురుగా అరుస్తుంది. ఈ రెండూ ఒకే పిట్ట గొంతులంటే మొదట నమ్మబుద్ధి కాదు. పాట వినపడిన దిక్కున తలెత్తి చూస్తే పసుపు కనిపించదు. మధ్యాహ్నం ఎండలో మామిడి గుబురు కింద నిలబడి పైకి చూస్తే ఇది ఎందుకో తెలుస్తుంది. ఆకుల సందుల్లోంచి దిగే ఎండ పసుపు మచ్చలు మచ్చలుగా పడుతుంది, ఆ మచ్చల మధ్య నల్లటి నీడలు. పసుపు ఒళ్లు ఎండలో, నల్ల రెక్కలు నీడలో కలిసిపోతాయి. ఇంతటి వన్నె గల పిట్ట దాగడానికి ఆ వన్నెనే వాడుకుంటుంది. ఎగిరినప్పుడు మాత్రం దాచుకోలేదు. కాస్త కిందికి జారుతూ, రెక్కలాడించి పైకి లేస్తూ అలల్లా సాగుతుంది. వేగమూ ఉంది: ఒక పిట్ట గంటకు 40 కిలోమీటర్ల వేగం అందుకున్నట్టు నమోదైంది.

ఆ పసుపు తిండిలోంచి వచ్చినదే. కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలను పక్షులు ఒంట్లో తయారుచేసుకోలేవు. పండ్ల నుంచి, ఆకు తిన్న పురుగుల నుంచి తెచ్చుకుని ఈకల్లో నింపుకోవాలి. నలుపు అలా కాదు. మన వెంట్రుకల్లో ఉండే మెలనిన్ లాంటిదే. దాన్ని శరీరమే తయారుచేసుకుంటుంది.

వంగపండు తిండిలో పండ్లు, పురుగులు, పూల తేనె మూడూ ఉన్నాయి. పండ్లలో మొదట చెప్పాల్సినవి మర్రి, రావి, జువ్వి, మేడి. నాలుగూ ఒకే ప్రజాతి చెట్లు, వీటి పండు నిర్మాణమే వేరు. మేడిపండును విప్పి చూస్తే లోపల పురుగులుంటాయని పిల్లలకూ తెలుసు. అవి కుళ్లు వల్ల పుట్టిన పురుగులు కావు. పచ్చి మేడికాయ నిజానికి కాయ కాదు, లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. వందల పూలు లోపలి గోడకు అంటుకుని ఉంటాయి. కాయ కొసన ఉన్న సన్నటి కంతలోంచి దోమ కన్నా చిన్న కందిరీగ లోపలికి దూరుతుంది. ఆ దారి ఎంత ఇరుకంటే దూరేటప్పుడు రెక్కలు విరిగిపోతాయి. వెంట తెచ్చిన పుప్పొడి పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. ఆ గుడ్ల నుంచి పుట్టిన ఆడ కందిరీగలు పుప్పొడి ఒంటికి పూసుకుని బయటపడి, పచ్చికాయలున్న ఇంకో చెట్టు వెతుక్కుంటాయి. వాటి ఆయుష్షు ఒకటి రెండు రోజులే. ఆ లోపు చెట్టు దొరకకపోతే వాటి వంశం అక్కడితో ఆగుతుంది.

వంగపండుకు మేలు జరిగేది ఈ కిటుకు వల్లనే. కందిరీగ బతకాలంటే ఏ నెలలో చూసినా చుట్టుపక్కల అదే రకం చెట్టు ఏదో ఒకటి కాయ దశలో ఉండాలి. అందుకని ఈ చెట్లన్నీ మామిడిలా ఒకే రుతువులో కాయవు. ఒక చెట్టు సంక్రాంతికి పండితే, రెండు కిలోమీటర్ల అవతలి చెట్టు ఉగాదికి పండుతుంది. మామిడీ నేరేడూ లేని నెలల్లోనూ, నీళ్లింకిన వేసవిలోనూ ఎక్కడో ఒక మర్రి పండి ఉంటుంది. పండిన చెట్టు మీద వంగపండు, పిగిలిపిట్ట, గోరింక, చిలక, కోకిల అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. రాయలసీమ లాంటి మెట్టసీమలో పండు తినే పక్షులకు కరువు గడిపే ఆసరా ఇదే. రోడ్డు వెడల్పు చేయడానికి పాత మర్రిని కొట్టేసి, బదులుగా పది పూల మొక్కలు పెడితే ఆ లెక్క సరిపోదు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగ, బూరుగ చెట్లు ఆకు రాల్చి పూస్తాయి. వాటి తేనె కోసం వంగపండు వస్తుంది, ముఖానికి పుప్పొడి పూసుకుని వెళుతుంది. పురుగుల వేట ఏడాదంతా సాగుతుంది. గొంగళి పురుగు దొరికితే కొమ్మకేసి కొట్టి, రుద్ది మింగుతుంది. తిన్న పండ్ల గింజలను దూరాన విసర్జించి మొక్కలు మొలిపిస్తుంది. అందులో మంచి చెట్లూ ఉంటాయి, అడవులను ఆక్రమించే లాంటానా కంపా ఉంటుంది. తోటలో పండిన పండును ముక్కుతో పొడిచి పాడుచేయడమూ ఉంది. ఈ సంగతి దాచి దాన్ని రైతు నేస్తమని మాత్రమే పొగడడం సరికాదు. కానీ మామిడి తోటలో అది తినే పురుగుల్ని కూడా లెక్కలో పెట్టాలి.

కడప సీమలోని మంగంపేట అనగానే ముగ్గురాయి గుర్తుకొస్తుంది. ప్రపంచంలోని పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి ఇక్కడుంది. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలికి పంపే బరువైన బురదలో ఈ రాతిపొడి కలుపుతారు. ఒక పక్క గని, రాయిని పిండి కొట్టే మిల్లులు, లారీలు. ఇంకో పక్క ఓబులవారిపల్లె నుంచి రైల్వే కోడూరు దాకా మామిడి, అరటి, బొప్పాయి, నిమ్మ తోటలు. పడమర శేషాచలం, పాలకొండల వరస, తూర్పున వెలికొండలు. కొండల అడవికీ ఊరికీ మధ్య ఈ తోటలు పచ్చటి దారిలా పరుచుకుని ఉండడం వంగపండుకు కలిసొచ్చే సంగతి. గుబురు నుంచి గుబురుకు ఎగురుతూ, నేల మీదికి దిగకుండానే అది ఊరి నడుమకు రాగలదు.

చలికాలం ముందు, వానలు వెనకబట్టే రోజుల్లో ఉత్తరాది నుంచి వచ్చే వంగపండ్లతో దక్షిణాదిలో వీటి సంఖ్య పెరుగుతుంది. ఎండలు ముదిరే వేళకు అవి తిరుగు ప్రయాణం కడతాయి. కొన్ని ఇక్కడే ఉండి గూడు కడతాయి. వలస ఎంత దూరం సాగుతుందో ఒక పిట్ట కాలి ఉంగరం చెబుతుంది. గుజరాత్‌లో అంకె వేసిన ఉంగరం తొడిగి వదిలిన వంగపండు, తొమ్మిదేళ్లు దాటాక తజికిస్థాన్‌లో దొరికింది. డెబ్బై ఎనభై గ్రాముల పిట్ట అన్నేళ్లు బతికింది, ఎత్తయిన పర్వతాల అవతలి దేశం దాకా వెళ్లింది. కోడూరు సీమలో మామిడి పూతకు వచ్చే రోజులు, వలస వంగపండ్లు ఇక్కడుండే రోజులు ఒకటే. పెరట్లో దాన్ని చూడాలనుకునేవారికి అనువైన కాలం కూడా అదే.

పెరడు చిన్నదైతే మర్రీ రావీ నాటకూడదు. వాటి వేళ్లు పునాదిని, నీళ్ల తొట్టిని పగలగొడతాయి. అవి చెరువు కట్ట మీద, గుడి దగ్గర, పొలం గట్టు చివర ఉండాల్సిన చెట్లు. మర్రి, జువ్వి కొమ్మ పాతినా చిగురిస్తాయి కాబట్టి ఖర్చు లేదు. పశువులు తినకుండా రెండు మూడేళ్లు కంప చుట్టడమే పని. ఇంటి పెరట్లో వేప, నేరేడు, నక్కెర, మామిడి చాలు. మునగ తొందరగా ఎదుగుతుంది. దానికి గొంగళి పురుగు పడుతుందని చాలామంది ఇంటి దగ్గర పెట్టరు. పక్షి కోణంలో చూస్తే ఆ పురుగే దాని విలువ. చెట్లు ఒకదానికొకటి కొమ్మలు అందుకునేలా ఉండాలి. మైదానం నడుమ ఒంటరిగా నిలబడిన చెట్టు కన్నా పక్కింటి చెట్టుతో గుబురు కలిసిన చెట్టు మీదికే వంగపండు సులువుగా వస్తుంది. ఇది ఒక్క ఇంటివారి వల్ల అయ్యే పని కాదు, వీధి మొత్తం తలచుకోవాలి.

అలా తలచుకున్న చోటు రాయలసీమలోనే ఉంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ ఒకప్పుడు బోడి గుట్టల మధ్య ఎండిన లోయ. బడి పెట్టినవారు ఏళ్ల తరబడి చెట్లు నాటారు, వాన నీళ్లు ఇంకే ఏర్పాట్లు చేశారు, గుట్టల మీద మేతను అదుపు చేశారు. చెట్లు పెరిగే కొద్దీ పక్షులు వచ్చాయి. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి పక్షుల గురించీ, వాటి ఆవాసాలను తిరిగి నిలబెట్టిన తీరు గురించీ ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్ ఒక పుస్తకమే రాశారు. అక్కడ జరిగినదంతా మేత గిన్నెలు వేలాడదీయకుండా జరిగిందే.

చెట్లు ఎదిగేదాకా చేయగలిగింది నీళ్లు పెట్టడం. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్లో నీటి తొట్టి పండు కన్నా ఎక్కువ పక్షులను రప్పిస్తుంది. అయితే వంగపండు స్నానం తీరు వేరు. పిచ్చుక, గోరింక నీళ్లలో నిలబడి రెక్కలు తడుపుకుంటాయి. వంగపండు కొమ్మ మీంచి దూకి, నీళ్లను ఒంటితో తాకి, ఆగకుండా పైకి లేచి మళ్లీ కొమ్మ చేరుతుంది. ఒళ్లు తడిసేదాకా ఇలా పదేపదే దూకుతుంది. కాబట్టి చిన్న మూకుడు దానికి చాలదు. రెండు మూడు అడుగుల వెడల్పున్న లోతులేని మట్టి తొట్టి గానీ, పశువుల కుడితి తొట్టి లాంటిది గానీ ఉండాలి. పైన ఒక కొమ్మ, కొమ్మకూ నీటికీ మధ్య అడ్డం లేని దారి, పిల్లి దాక్కునే పొదలు దగ్గర్లో లేకపోవడం ముఖ్యం. చిన్న పక్షులు మునగకుండా తొట్టిలో ఒకటి రెండు రాళ్లు పెట్టాలి. గనులకు దగ్గరున్న ఇళ్లలో నీటి మీద రాతిపొడి తేలుతుంది. రోజూ నీళ్లు మారిస్తే ఆ బాధ తప్పుతుంది, దోమ పిల్లలూ పెరగవు.

పండిన బొప్పాయిల్లో ఒకటి చెట్టునే వదిలేయవచ్చు. గెలలో చివరి అరటిపండ్లు కూడా అంతే. వాటికి ముందుగా వచ్చేవి పిగిలిపిట్టలు, ఉడతలు. వాటి సందడి చూసి వంగపండు రావడమూ ఉంటుంది, రాకపోవడమూ ఉంటుంది. పురుగుమందు విషయంలో మాత్రం ఇలా అటూ ఇటూ చెప్పడానికి లేదు. మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టే కాలంలోనే వలస పిట్టలు అదే కొమ్మల మీద పురుగులు ఏరుకుంటాయి. అమ్మకానికి పెంచే తోటలో మందు మానమని రైతుకు చెప్పడం కష్టం. పెరట్లో ఉన్న ఒకటి రెండు చెట్లకు కొట్టకపోతే పోయేదేమీ లేదు. పురుగు లేని చెట్టు మీద పిట్ట పిల్లల్ని సాకలేదు. పిల్లలు ఎదగాలంటే పురుగుల్లోని మాంసకృత్తులు కావాలి.

గూళ్లు ఏప్రిల్ నుంచి ఆగస్టు లోపు కడతాయి. ఈ గూడు దగ్గరగా చూడదగ్గది. ఎత్తైన కొమ్మ చివర, రెండు పాయలుగా చీలిన చోటు ఎంచుకుంటుంది. పొడుగాటి నార పోగు తెచ్చి ఒక పాయకు చుట్టి, రెండో పాయ మీదికి లాగి అక్కడా చుడుతుంది. అలా అటూ ఇటూ లాగిన పోగుల మీద గడ్డి పరకలు అల్లి, సాలెగూడు దారాలతో అతికిస్తుంది. చివరికి గూడు కొమ్మ మీద కూర్చోదు, రెండు పాయల మధ్య జోలెలా వేలాడుతుంది. గాలికి కొమ్మ ఎంత ఊగినా లోపలి గుడ్లు దొర్లిపోవు. కొమ్మ చివర సన్నగా ఉండడం వల్ల బరువున్న శత్రువు అక్కడి దాకా రాలేదు. గుడ్లు రెండో మూడో ఉంటాయి, తెల్లటి పెంకు మీద ఎర్రటి, గోధుమ, నల్ల చుక్కలు. పిల్లల్ని తల్లీ తండ్రీ రెండూ మేపుతాయి, కాకినో జాలెడేగనో చూస్తే రెండూ తరుముతాయి.

వాటికి కాపలా కాసే ఇరుగుపొరుగు కూడా ఉంది. పసుల పోలిగాడు గూడు కట్టిన చెట్టు మీదనో, దాని పక్క చెట్టు మీదనో వంగపండు తరచూ గూడు పెడుతుంది. పోలిగాడు తన గూటి దరికి వచ్చిన కాకిని, డేగను వెంటపడి పొడిచి తరిమే పిట్ట. ఆ దుడుకుతనం నీడలో వంగపండు పిల్లలూ పెరుగుతాయి. పెరట్లో పోలిగాడు గూడు కనబడితే వంగపండు జోలె కోసం ఆ చుట్టుపక్కల కొమ్మల చివర్లు వెతకవచ్చు. కింద నిలబడి దూరం నుంచి చూడాలి. గూటి దగ్గరికి నిచ్చెన వేయడం, ఫొటో కోసం ఆకులు తుంచడం వల్ల గుడ్లకు ఎండా, కాకి చూపూ తగులుతాయి. కరెంటు తీగలకు తగులుతుందనో మేకల మేతకనో కొమ్మలు నరకాల్సి వస్తే ఆ పని ఆగస్టు దాటాక పెట్టుకోవడం మేలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పిట్టను పట్టుకోవడం, పంజరంలో పెంచడం, గుడ్లు తీయడం నేరం.

ఎగరడం పూర్తిగా రాని పిల్ల జూన్, జూలై గాలులకు కింద పడడం జరుగుతుంది. దాన్ని ఇంట్లోకి తెచ్చి అన్నం మెతుకులు పెడితే బతకదు. రెండు చేతులతో మెల్లగా తీసి, పిల్లికి, కుక్కకు అందని ఎత్తులో ఆకు గుబురున్న కొమ్మ మీద ఉంచాలి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. పిల్ల ఆకలితో అరుస్తుంది, ఆ అరుపు పట్టుకుని తల్లి గానీ తండ్రి గానీ పురుగు నోట కరుచుకుని వస్తుంది. మనుషులు చెట్టు కింద నిలబడి ఉంటే మాత్రం పైకొమ్మ మీదే ఆగిపోతుంది. కాబట్టి పిల్లను కొమ్మ మీద పెట్టాక వెంటనే వెనక్కి వచ్చి, ఇంటి అరుగు మీంచి చూడాలి.